గీతలు నిండుగా ఉన్నా పాఠం ఎందుకు ఆగుతుంది?

జనగామ బస్టాండులోనైనా, మహబూబాబాదు రైల్వే స్టేషనులోనైనా, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలోనైనా నలుగురు చేరిన చోట ఫోన్ల సంగతి రాక మానదు. "సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా ఉన్నవి, అయినా వీడియో ఆగి చక్రం తిరుగుతున్నది, ఫోను పాతబడ్డది" అని ఒకరంటారు. "సినిమా చక్కగా వస్తున్నది, ఆటలో మాత్రం నేను తుపాకి ఎత్తేలోపలే చనిపోతున్నాను, ఇది ఆట తయారుచేసినవాళ్ల మోసం" అని ఒక కుర్రవాడంటాడు. "డబ్బు కట్టినప్పుడు అన్నిటికన్న పై నాణ్యతలోనే చూడాలి" అని మరొకరు వాదిస్తారు.

ఇది వినోదం వరకే అయితే పెద్ద నష్టం లేదు. కాని 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠశాలలు మూతపడి ఉన్న కాలంలో దూరదర్శన్ యాదగిరి ద్వారా, టీ-శాట్ ద్వారా పిల్లలకు డిజిటల్ పాఠాలు చెప్పినప్పుడు టీవీ లేని ఇంటిలో ఫోనే బడి అయింది. నేటికీ పరీక్షల ముందు ఎందరో విద్యార్థులు ఫోనులో పాఠాలు చూస్తున్నారు. పాఠం ఆగితే తప్పు ఫోనుదే అనుకొని వేల రూపాయలు పెట్టి కొత్తది కొన్న కుటుంబం, అదే పాఠం మళ్లీ అదే చోట ఆగిపోతే ఏమి చేయాలి? కాబట్టి అసలు కారణమేమిటో తెలుసుకోవడం అవసరం.

ఇందులో మూడు వేరువేరు రాశులు ఉన్నవి. ఒకటి బలం: టవర్ నుండి వచ్చే రేడియో తరంగం మన ఫోనును ఎంత గట్టిగా చేరుతున్నది అనేది. రెండవది రాబడి: సెకనుకు ఎన్ని బిట్లు మనకు అందుతున్నవి అనేది. దీనినే మామూలుగా స్పీడు అంటాం. మూడవది జాప్యం: మనం అడిగిన దానికి జవాబు తిరిగి రావడానికి పట్టే కాలం. పైన చెప్పిన అభిప్రాయాలన్నీ ఈ మూడింటిని ఒకటిగా భావించడం వల్ల పుట్టినవే.

మొదట బలం సంగతి చూద్దాం. గీతలు చూపేది ముఖ్యంగా దీనినే. ఎంత బలానికి ఎన్ని గీతలు అన్న విషయంలో ఫోను తయారీదారులందరూ పాటించే ఒకే కొలత లేదు. కాబట్టి ఒకే చోట రెండు ఫోనులు వేరువేరు గీతలు చూపినంత మాత్రాన ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనుకోనక్కర లేదు.

ఇక బలానికీ రాబడికీ గల తేడా. మహబూబాబాదు జిల్లాలో బయ్యారం చెరువు ఉన్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించిన చెరువు అది. వానలు బాగా పడి చెరువు నిండిందనుకొందాం. అంతమాత్రాన ఆయకట్టు చివరి మడికి నీరు అందుతుందా? తూము నుండి సెకనుకు ఇంత అని మాత్రమే నీరు వస్తుంది. పైరైతులందరూ ఒకేసారి మడవలు తెరిస్తే చివరివానికి తడి కూడా దక్కదు. టవర్ కూడా అంతే. గీతలు నిండుగా ఉండడమంటే కాలువ మన పొలం గట్టును తాకుతున్నదని అర్థం. మన వంతుకు ఎంత నీరు అన్నది అవి చెప్పవు.

దీనిని లెక్కలో చూద్దాం. ఒక టవర్ ఒక దిక్కున ఉన్న ఫోనులన్నిటికీ కలిపి సెకనుకు 5 కోట్ల బిట్లు ఇవ్వగలదనుకొందాం. సాధారణ నాణ్యత గల పాఠానికి సెకనుకు సుమారు 10 లక్షల బిట్లు కావాలి. 50 మంది చూసేవరకు అందరికీ సరిపోతుంది. 100 మంది చూస్తే తలకు 5 లక్షలే వస్తవి. గీతలు మాత్రం ఒక్కటి కూడా తగ్గవు! రాత్రి భోజనాల వేళ అందరూ ఫోను పట్టుకొన్నప్పుడు జరిగేది ఇదే. 2020 మార్చిలో దేశమంతా ఇళ్లలో ఉండిపోయినప్పుడు మన దేశంలోని ప్రధాన వీడియో సేవలు మొబైల్ నెట్‌వర్కులపై నాణ్యతను కొంతకాలం 480 వరుసలకు పరిమితం చేయడానికి కారణం కూడా ఇదే.

చక్రం ఎందుకు తిరుగుతుంది? వీడియో కొన్ని సెకనుల ముక్కలుగా వస్తుంది. ఫోను కొన్ని ముక్కలను ముందుగా తెచ్చి నిలువ చేసుకొంటుంది. ఇది ఇంటిలోని గాదె వంటిది. గాదెలో 10 సెకనుల పాఠం, అంటే 100 లక్షల బిట్లు ఉన్నవనుకొందాం. ఖర్చు సెకనుకు 10 లక్షలు, రాబడి 8 లక్షలు. సెకనుకు 2 లక్షల లోటు. కాబట్టి 50 సెకనులకు గాదె ఖాళీ అవుతుంది. చక్రం తిరగడం మొదలవుతుంది. ఈ చిక్కును తప్పించడానికే ప్రతి వీడియోను అనేక నాణ్యతలలో తయారుచేసి ఉంచుతారు. రాబడి తగ్గగానే సాఫ్ట్‌వేరు తక్కువ నాణ్యత గల ముక్కను అడుగుతుంది. బొమ్మ మసకబారడం లోపం కాదు, పాఠం ఆగకుండా చేసిన సర్దుబాటు. మనం పట్టుబట్టి పై నాణ్యతను ఎంచుకొంటే ఆ సర్దుబాటును చెడగొట్టినట్లే.

అసలు ఇంత తక్కువ బిట్లలో కదిలే బొమ్మ ఎలా ఇముడుతుంది? పూర్తి నాణ్యత గల ఒక బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 బిందువులు ఉంటవి. ఒక్కొక్క బిందువు రంగుకు 24 బిట్లు, సెకనుకు 25 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 124 కోట్లకు పైగా బిట్లు! మనకు అందేది మాత్రం సుమారు 50 లక్షలే. అంటే దాదాపు 250వ వంతు.

ఈ అద్భుతానికి పునాది వేసిన గణితం 1974లో వెలువడింది. దానిని ప్రకటించిన ముగ్గురు నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. వీరిలో కె. ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆయన మదరాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలోని టెక్సాసులో దీర్ఘకాలం ఆచార్యులుగా పనిచేసి, 2021లో మరణించారు. వారి పద్ధతిలో బొమ్మను చిన్న చదరాలుగా విడదీసి, ఒక్కొక్క చదరాన్ని కొన్ని కొసైను తరంగాల మొత్తంగా రాస్తారు. వీటిలో మన కంటికి అంతగా ఆనని సన్నని మార్పులను వదలివేస్తారు. దీనికి తోడు, ముందు బొమ్మతో పోల్చి మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు. నల్లబల్ల కదలదు, గోడ కదలదు. పంతులుగారి చేయి మాత్రమే కదులుతుంది. అందువల్ల పాఠానికి తక్కువ బిట్లు చాలు. క్రికెట్టు ఆటకు, జోరువాన దృశ్యానికి ఎక్కువ కావాలి.

ఖర్చు కూడా లెక్కించవచ్చును. రెండు గంటలకు 7,200 సెకనులు. సెకనుకు 10 లక్షల బిట్లయితే మొత్తం 900 మెగాబైట్లు. 50 లక్షలయితే 4,500. అరచేతి తెరపై ఈ రెండింటి తేడా అంతగా కనిపించదు, రోజు డేటాలో మాత్రం తప్పక కనిపిస్తుంది.

ఇక ఆటల సంగతి. సినిమా ముందే తయారై ఉన్నది కాబట్టి గాదెలో నిలువ చేయవచ్చును. ఆటలో ఎదుటివాని తరువాతి అడుగు ఇంకా పడనే లేదు. దానిని ముందుగా తెచ్చి ఎలా దాచగలం? అక్కడ రాబడి కన్న జాప్యం ముఖ్యం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సర్వరుకు పోయి రావడానికి సెకనులో నూరవ వంతు చాలు. కాని టవర్ వద్ద వరుసలో వేచి ఉండవలసి వస్తే జాప్యం దానికి ఎన్నో రెట్లవుతుంది. కుర్రవాడు అనుమానించిన మోసం చాలాసార్లు ఈ వరుసే.

ఇప్పుడు ఉపగ్రహం విలువ తెలుస్తుంది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహానికి సంకేతం ఎక్కి దిగడానికి సెకనులో దాదాపు పావు వంతు పడుతుంది. ఆటకు ఇది పనికిరాదు. పాఠానికి ఏ ఇబ్బందీ లేదు. పైగా ఉపగ్రహం కురిపించే ఒకే సంకేతాన్ని ఒక్క ఇల్లు అందుకొన్నా, లక్ష ఇళ్లు అందుకొన్నా ఎవరి వంతూ తగ్గదు. అది చెరువు కాదు, వాన. భూపాలపల్లి జిల్లాలో అడవి అంచున ఉన్న పల్లెలకు టీవీ ద్వారా వచ్చే పాఠం పాతకాలపు పద్ధతిలా కనిపించవచ్చును, కాని చాలామందికి ఒకే పాఠం ఒకేసారి చెప్పడానికి నేటికీ అదే పొదుపైన మార్గం.

విద్యార్థులు ఒక ప్రయోగం చేయవచ్చును. ఒకే ఫోను, ఒకే చోటు. ఉదయం 5 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 9 గంటలకు స్పీడు కొలిచే సాఫ్ట్‌వేరుతో రాబడిని, జాప్యాన్ని కొలిచి, గీతలను కూడా లెక్కించి వారం రోజులు పట్టికలో రాయండి. గీతలు మారకుండా రాత్రివేళ రాబడి పడిపోతే కారణం టవర్ వద్ద రద్దీ అని అనుకోవచ్చును. తరువాత అదే సిమ్మును మరొక ఫోనులో పెట్టి చూడండి. అక్కడ కూడా ఫలితం అదే అయితే కొత్త ఫోను కొనవలసిన పని లేదు. రద్దీ లేని తెల్లవారుజామున ఉపాధ్యాయుడు పాఠాన్ని ఒక్కసారి దింపుకొని, బడిలో ఫోను నుండి ఫోనుకు నేరుగా పంపితే నలభై మంది పిల్లలకు నలభైసార్లు టవర్‌ను అడిగే అవసరం ఉండదు.