నాణెపు యంత్రములలో ద్వంద్వయుద్ధము

మన పాఠశాలలోని బాలురలో విడియో యాట నెఱుగనివారుండరు. అది నేడు అరచేతి ఫోనులో నిముడుచున్నది. ఒకప్పుడది బీరువాయంత పెట్టె. ఆడవలెనన్న దానిలో నాణెము వేయవలసినదే. ఆర్కేడులను అంగళ్లలో నిట్టి పెట్టెలు వరుసలుగా నిలిచియుండెడివి. వానిలో పోరాటపుటాట లెట్లు పెరిగెనో యించుక వివరించెదను.

1972వ సంవత్సరమున అమెరికాలోని అటారి సంస్థ పాంగ్ అను నాటను వెలువరించెను. తెరమీద రెండు గీతలు, వాని నడుమ నొక చుక్క, అంతే. ఆట యంతయు విద్యుద్వలయములలోనే యిమిడియుండెను. ఒక్క నియమమును మార్చవలెనన్నను ఆ వలయములనే మార్చవలెను. 1975లో జపానునందు టైటో సంస్థవాడగు తొమొహిరో నిషికాడో, ఇద్దఱు తుపాకివీరులు ఎదురెదురుగ నిలిచి కాల్చుకొను నాట నొకదానిని నిట్లే నిర్మించెను. మిడ్వే సంస్థ దానిని అమెరికాకు గొనిపోయి, గన్ ఫైట్ అని పేరిడి, లోపలి నిర్మాణమును మార్చి ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసరు నమర్చెను. ఆర్కేడు విడియో యాటలలో మైక్రోప్రాసెసరు ప్రవేశించుట కిదియే మొదలు. అటుపిమ్మట నియమములు ప్రోగ్రాములో నుండెను. వ్రాత మార్చిన నాట మారును.

నిషికాడో యీ మార్పును చూచి తానును మైక్రోప్రాసెసరును గైకొని 1978లో స్పేస్ ఇన్వేడర్స్ చేసెను. 55 మంది శత్రువులు అయిదు వరుసలలో పైనుండి దిగివత్తురు. ఇందొక వింత కలదు. అన్ని బొమ్మలను గీయుట ఆ చిన్న ప్రాసెసరునకు బరువు. కావున మొదట శత్రువులు మెల్లగ నడతురు. చచ్చినకొలది బరువు తగ్గి, మిగిలినవారు వడిగా పరుగిడుదురు. యంత్రపు లోటు వలన గలిగిన యీ వేగమే ఆడువాని గుండె దడదడలాడించెను. నిషికాడో దానిని దిద్దక యుంచెను. మంచిపని చేసెనని నా తలంపు.

పిడికిళ్ల పోరు 1976లో సెగా సంస్థవారి ముష్టియుద్ధపుటాటలోనే కానవచ్చినను, దానికి నిండైన రూపము 1984లో కరాటే చాంప్ వలన గలిగెను. దానికి బటనులు లేవు. రెండు పిడులు మాత్రమే. రెంటిని ఏయే దిక్కులకు త్రిప్పిన ఏయే దెబ్బ పడునో నేర్చుకొనుటయే అందలి విద్య. ఈ యాటను గూర్చి అమెరికాలో వ్యాజ్యమును నడచెను. వేఱొక సంస్థ కరాటే యాటను చేయగా తమ దానిని దొంగిలించిరని డేటా ఈస్ట్ సంస్థవారు అభియోగము తెచ్చిరి. దెబ్బలు, దుస్తులు, న్యాయనిర్ణేత మున్నగునవి కరాటే క్రీడకే చెందినవగుటచే వానిపై నొక్కరికే హక్కు లేదని 1988లో అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ తీర్పు వేఱొక విధముగ నుండినచో ఈ జాతి యాటలు అచ్చటనే యాగిపోయెడివేమో!

1987లో కాప్‌కామ్ సంస్థవారి స్ట్రీట్ ఫైటర్ వచ్చెను. ఎంత బలముగ మోదిన నంత గట్టి దెబ్బ పడునట్లు దానికి రబ్బరు మెత్తలు పెట్టిరి. బాలురు ఊరకుందురా? మెత్తలును చెడెను, చేతులును నొచ్చెను. తుదకు ఆఱు బటనులే నిలిచెను. 1991 నాటి రెండవ భాగములో ఎనమండ్రు వీరులలో నిష్టమైనవానిని ఎన్నుకొనవచ్చును. వారిలో ధాల్సిమ్ అను మన దేశపు యోగి యొకడు. చేతులు సాగదీయును, నోట నిప్పు గ్రక్కును. యోగాభ్యాసము చేయు పెద్దలు చూచిన నవ్వుకొందురు! వెంటవెంటనే దెబ్బలను గ్రుచ్చు కాంబో యను పద్ధతియు నిందు అనుకోకుండ దొరలినదే. ఎవ్వరికిని సులభముగ పట్టుపడదని నిర్మాతలు దానిని విడిచిరి; ఆటగాండ్రు పట్టుకొనిరి.

తల్లిదండ్రుల కలవరమునకు 1992 నాటి మోర్టల్ కాంబాట్ కారణమయ్యెను. నిజమైన మనుష్యుల చిత్రములను తెరకెక్కించి నెత్తురు చిందించిరి. 1993 డిసెంబరులో అమెరికా సెనేటులో విచారణ జరిగెను. ప్రభుత్వము శాసనము చేయునను భయముతో ఆటల వ్యాపారులు 1994లో తామే యొక మండలి నేర్పరచి, ఏ యాట ఏ వయసువారికి దగునో పెట్టెమీద ముద్రింపజొచ్చిరి.

అంతలో ఇంటి యంత్రములు ఆర్కేడులను మించిపోయెను. ఓడినవాడు లేచిపోవును, గెలిచినవాడు నిలుచును. తన వంతుకై వేచియున్నవాడు తెర యంచున నాణెము నుంచి గుర్తుపెట్టును. అపరిచితులిద్దఱు భుజము భుజము తాకునట్లు నిలిచి పోరాడిన యా పెట్టెలు కొన్ని నేడు న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు నగరమున, ఆటలకై వెలసిన స్ట్రాంగ్ మ్యూజియమున భద్రముగ నున్నవి.