వ్రేలి కొనకు వచ్చిన వైద్యము

నూతన వైద్యపరికరము గృహములలో ప్రవేశించుటకు సామాన్యముగా దశాబ్దములు పట్టును. కాని 2020లో వ్యాపించిన కోవిడ్ మహమ్మారి, అంతకు పూర్వము ముఖ్యముగా ఆసుపత్రులలోనే కానవచ్చుచుండిన పల్సు ఆక్సీమీటరును కొలది మాసములలో సామాన్యుల యిండ్లకు తెచ్చినది. ఈ మార్పు ఎట్లు కలిగెనో మా విద్యార్థులకు వివరింపగోరుచున్నాము.

దీని మూలసూత్రమును 1974లో జపాను ఇంజనీరు టకువో అవొయాగి వెలువరించెను. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువుతో కూడినపుడు పరారుణ కాంతిని ఎక్కువగాను, ఎఱ్ఱకాంతిని తక్కువగాను పీల్చుకొనును. ప్రాణవాయువు లేనపుడు ఎఱ్ఱకాంతినే ఎక్కువగా పీల్చుకొనును. యంత్రము ఈ రెండు కాంతులను వ్రేలిగుండ పంపి, నాడి కొట్టినపుడెల్ల మారు భాగమును గణించి, శాతమును చూపును. ఆరోగ్యవంతులకు అది సాధారణముగా 95 నుండి 100 వఱకు నుండును.

కోవిడ్ రోగులలో కొందఱికి ఆయాసము తోచకమునుపే రక్తమున ప్రాణవాయువు తగ్గిపోయెడిది. ఆసుపత్రులలో పడకలు చాలక అనేకులు ఇంటనే చికిత్స పొందవలసివచ్చెను. ఎప్పుడు ఆసుపత్రికి పోవలెనో తెలుపు సాధనము కావలసివచ్చినది. అవసరమే ఆదరమును కలిగించినది. గిరాకితో ధరలు పెరుగగా, 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఆక్సీమీటరు, రక్తపోటు యంత్రము మొదలైన ఐదు ఉపకరణములపై వర్తకపు లాభమునకు 70 శాతము పరిమితి విధించెను.

అయినను యంత్రము చెప్పినదెల్ల వేదవాక్యము కాదు. చేతులు చల్లబడినను, గోళ్లకు రంగున్నను లెక్క తప్పవచ్చును. 2020 డిసెంబరులో ప్రకటితమైన అమెరికా పరిశోధన యొకటి, ప్రాణవాయువు తగ్గుదలను యంత్రము గుర్తింపకపోవుట తెల్లవారిలోకంటె నల్లజాతి రోగులలో సుమారు మూడురెట్లని చూపినది. చామనచాయవారమగు మనము దీనిని మఱవరాదు.

2021 వేసవిలో మా వీధియందలి వృద్ధురాలొకామె యంత్రమున 86 చూచి, తన కాలము తీరినదని కన్నీరు పెట్టుకొనెను. కొడుకు బండికొఱకు పరుగెత్తెను. మా పాఠశాలలో చదువు మనుమరాలు దగ్గఱకుపోయి, “అవ్వా, నీవు తలక్రిందుగా చూచితివి, ఇది 98” అని తిప్పి చూపెను. పెట్టెలోని సూచనాపత్రము ఇంగ్లీషున నుండెను. అవ్వకు వచ్చినది తెలుగొక్కటే.

పరికరమును కొనుట ఒక దినపు పని. దాని భాషను ఇంటివారందఱికి తెలుపుట చదువుకొన్న పిల్లల పని. పొరుగు రాష్ట్రమున నున్నను తెలుగు చదువుచున్న మా విద్యార్థులు ఈ బాధ్యతను వహింతురుగాక యని కోరుచున్నాము.