సీమ పేరున జట్టు వచ్చింది, సత్యవేడు కుర్రాడికి దారేది?

సత్యవేడు: ఆంధ్ర ప్రీమియర్ లీగ్ క్రికెట్ మొదటి పోటీలు 2022 జులైలో విశాఖపట్నంలో జరిగాయి. ఇరవై ఓవర్ల ఆట, ఆరు జట్లు. బెజవాడ టైగర్స్, కోస్టల్ రైడర్స్, గోదావరి టైటాన్స్, ఉత్తరాంధ్ర లయన్స్, వైజాగ్ వారియర్స్ సరసన రాయలసీమ కింగ్స్ కూడా బరిలోకి దిగింది. మన పేరు మోసే జట్టు ఉండడం సంతోషమే. కానీ ఆ ఆట కళ్లారా చూడాలంటే ఇక్కడి నుంచి 700 కిలోమీటర్లకు పైగా పోవాలి. మద్రాసు చేపాక్ మైదానమైతే సుమారు 70 కిలోమీటర్లే!

ఆ మైదానానికీ మనకూ పాత సంబంధం ఉంది. 1934 నవంబరు 4న రంజీ పోటీల మొట్టమొదటి ఆట అక్కడే మద్రాసు, మైసూరు జట్ల మధ్య మొదలై ఒక్కరోజులోనే ముగిసింది. మద్రాసు బౌలర్ రామ్‌సింగ్ 11 వికెట్లు పడగొట్టాడు. అప్పట్లో సత్యవేడు ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. పటాస్కర్ తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, మనం ఇటు వచ్చాం. దాంతో ఆటగాడి దారి కూడా మారింది. ఊత్తుకోట కుర్రాడు తమిళనాడు సంఘం కిందికి వస్తాడు. అక్కడి లీగు 2016లోనే మొదలైంది. నాలుగు అడుగులు ఇవతల ఉన్న మనవాడు ఆంధ్ర సంఘం వైపు చూడాలి.

2022 ఏప్రిల్‌లో మనం తిరుపతి జిల్లాలో చేరినా క్రికెట్ లెక్కల్లో ఆ ఏడు చిత్తూరు జిల్లాగానే ఉన్నాం. జిల్లా ఎంపికలో నెగ్గి, ఆపైన దక్షిణ మండలంలో కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు కుర్రాళ్లతో పోటీపడి పైకి రావాలి. సంక్రాంతికి కోత కోసిన మళ్లలో టెన్నిస్ బంతితో సిక్సర్లు కొట్టేవారికి మన పల్లెల్లో కొదవలేదు. ఎంపిక జరిగేది మాత్రం తోలు బంతితో. ప్యాడ్లు, గ్లవ్స్, బ్యాటు ఖర్చు కూలి కుటుంబానికి మోయలేని భారం. వేలు పోసి కొనలేక ఆగిపోయేవారిని సెలక్టర్లు చూసేదెప్పుడు? మండలానికి ఒక సిమెంటు పిచ్, ఒక వల, అందరూ వాడుకునే ఒక కిట్ బ్యాగు సమకూర్చడం పంచాయతీలకూ దాతలకూ మించిన పని కాదు.

మొదటి ఏడు కప్పు కోస్టల్ రైడర్స్‌కు దక్కింది. మరుసటి ఏడు, 2023లో, రాయలసీమ కింగ్స్ గెలుచుకుంది.