మావయ్య గిటారుకి ఎకో ఎంత?

రేడియోలో వార్తలకి ముందు రెండు మూడు నిమిషాలు ఖాళీ మిగిలితే ఏం వేసేవారో గుర్తుందా? మాటల్లేని సినిమా పాట! గాయకుడు వుండడు గానీ, ఎవరో గొంతు పూడుకుపోయి పాడుతున్నట్టే వుంటుంది. స్వరం నుంచి స్వరానికి మెట్లు దిగినట్టు కాదు... జారుడుబండ మీద జారినట్టు! అదే స్టీల్ గిటార్. మన వాళ్ళు హవాయిన్ గిటార్ అనడమే ఎక్కువ. సునీల్ గంగూలీ, హజారా సింగ్ లాంటి వాళ్ళు సినిమా పాటల్ని దీని మీద వాయించి రికార్డులిచ్చారు.

ఈ వాద్యం గురించి రాయడానికి నాకో సొంత కారణం వుంది. మా మావయ్య స్టీల్ గిటారిస్టు. రాజమండ్రి చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో, పందిళ్ళలో ఆర్కెస్ట్రాలతో వాయించేవాడు. తర్వాత కీబోర్డులొచ్చాయి. ఒక్క మీట నొక్కితే గిటారూ, వయొలినూ, ఫ్లూటూ అన్నీ పలికేస్తుంటే, వొళ్ళో గిటారు పెట్టుకుని కూర్చునే మనిషితో పనేముంది? పిలుపులు తగ్గాయి, ఆగిపోయాయి. గిటారు మంచం కిందికి చేరింది.

కిందటేడు, డెబ్బై రెండేళ్ళ వయసులో, మళ్ళీ పిలుపొచ్చింది. ఘంటసాల గారి పాటల రాత్రిలో ఒక్క పాట వాయించాలి. మావయ్య ఒప్పేసుకున్నాడు. తీరా గిటారు బయటికి తీసేసరికి అసలు సంగతి తెలిసింది... ఎడమ చెయ్యి సన్నగా వణుకుతోంది!

ఉక్కు కడ్డీతో పేచీ

మామూలు గిటారు మీద లోహపు గీతలుంటాయి. వాటి మధ్య వేలు ఎక్కడ నొక్కినా స్వరం దాని చోట అది పలుకుతుంది. స్టీల్ గిటార్‌కి ఆ సుఖం లేదు. దాన్ని వెల్లకిలా పెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించాలి. కడ్డీ వెంట్రుక వాసి పక్కకి జరిగితే అపస్వరమే! 19వ శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే కుర్రాడు ఈ పద్ధతికి ప్రాణం పోశాడని చెబుతారు. హవాయి కళాకారుడు టావ్ మో 1940లలో కలకత్తాలో వుండి వాయించాడు, నేర్పాడు. 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డులో బ్రిజ్ భూషణ్ కాబ్రా ఇదే తరహా గిటారు మీద రాగాలు పలికించాడు.

ఇంకో తమాషా వినండి. మార్కెట్లో నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటారు కూడా స్టీల్ గిటారే! 1930ల మొదట్లో రికెన్‌బ్యాకర్ వాళ్ళది వచ్చింది. చూడ్డానికి అచ్చం పెనంలా వుండేది, పేరు కూడా 'ఫ్రైయింగ్ పాన్' అనే పడిపోయింది. గిటారు కరెంటుతో పలకడం మొదలెట్టాక ఆంప్లిఫయరు తప్పనిసరయింది.

స్ప్రింగులో గుహ

ఆంప్ శబ్దాన్ని పెంచుతుంది గానీ, చిన్న గదిలో వాయిస్తే స్వరం పొడిగా, బోసిగా వుంటుంది. గుళ్ళో పాడితే గొంతు ఎలా నిండుగా వినిపిస్తుందో తెలుసు కదా! గోడలకి తగిలి తిరిగొచ్చిన శబ్దాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి తోకలా సాగుతాయి. దాన్నే రివర్బ్ అంటారు. "హలో... హలో..." అని విడివిడిగా తిరిగొచ్చేది ఎకో. మన ఆర్కెస్ట్రా వాళ్ళకి మాత్రం రెండూ ఎకోనే!

ఆ గుడిని పెట్టెలో పెట్టింది స్ప్రింగు. గిటారు సిగ్నల్‌తో స్ప్రింగుని ఒక కొస దగ్గర కదిలిస్తారు. ఆ కదలిక రెండో కొసకి వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ వెళ్ళి మెల్లగా చల్లారుతుంది. దాన్ని పట్టి అసలు స్వరానికి కలిపితే చాలు. హామండ్ ఆర్గన్ల కోసం వాడిన ఈ కిటుకుని ఫెండర్ కంపెనీ 1961లో విడి పెట్టెగానూ, 1963లో ఆంప్ లోపలే అమర్చి కూడా అమ్మింది. అలాంటి ఆంప్‌ని పొరపాటున తన్నారో, లోపలి స్ప్రింగులు కదిలి పిడుగు పడ్డట్టు చప్పుడొస్తుంది!

మేనల్లుడి తెలివి

మావయ్య చెయ్యి వణకడం చూసి నాకో ఉపాయం తట్టింది. ఎకో దట్టంగా పెడితే వణుకు అందులో కలిసిపోతుంది కదా! చిన్న రివర్బ్ పెడల్ కొనుక్కొచ్చాను. గిటారు నుంచి రివర్బ్‌కి, అక్కణ్ణించి కాలితో తొక్కే వాల్యూమ్ పెడల్‌కి, చివరికి ఆంప్‌కి వైర్లు కలిపాను. ఇంట్లో విని మా అత్తయ్య కూడా "అబ్బ, అచ్చం రేడియోలోలా వుంది" అంది.

మావయ్య మాత్రం మొహం చిట్లించాడు. "ఒరేయ్, నేను కాలు సడలించగానే తోక తెగిపోతోందేమిట్రా?"

నిజమే! రివర్బ్ ముందుండి వాల్యూమ్ వెనకుంటే, వాల్యూమ్ తగ్గించినప్పుడు అసలు స్వరంతో పాటు దాని తోకా తగ్గిపోతుంది. రెండూ తారుమారు చేశాడు. ఇప్పుడు కాలు సడలిస్తే స్వరం ఆగుతోంది, దాని తోక మాత్రం తీరిగ్గా సాగి చల్లారుతోంది. ఆంప్‌లో నేను పెంచిన గెయిన్ కూడా తగ్గించాడు. రివర్బ్ తర్వాత ఆంప్ బరబరమంటే తోక మొత్తం గరగరలాడుతుందిట.

హాల్లో ముద్దపప్పు

కార్యక్రమం నాటి సాయంత్రం ట్రయల్ చూశాం. కల్యాణమంటపం... నాపరాళ్ళ నేల, నున్నటి గోడలు. మావయ్య నాలుగు స్వరాలు వాయించాడో లేదో, హాలంతా ఒకటే రొద! నా పెడల్లో ఒక ఎకో. మైక్ సెట్ కుర్రాడు మిక్సర్‌లో కలిపింది రెండోది. ఖాళీ హాలు తనంతట తాను ఇచ్చేది మూడోది. మామూలు వాద్యానికే అది కష్టం. ఇక్కడ స్వరం జారుతూ వెళ్తుంది కాబట్టి, వదిలేసి వచ్చిన స్వరాలన్నీ వెనకాలే మోగుతూ కొత్త స్వరం మీద పడతాయి. పాట ముద్దపప్పు అయిపోయింది.

"మాస్టారూ, ఇంకొంచెం ఎకో పెంచమంటారా?" అన్నాడు ఆ కుర్రాడు, మర్యాదగానే!

"మొత్తం తీసెయ్ బాబూ" అన్నాడు మావయ్య.

నాకు గుండె ఝల్లుమంది. "మావయ్యా, పొడిగా వాయిస్తే చెయ్యి తెలిసిపోతుంది" అన్నాను నెమ్మదిగా.

ఆయన నా వంక చూశాడు. కోపంగా కాదు. "తెలియాలిరా. ముందు నాకు తెలియాలి. నాకే వినపడకపోతే ఎలా దిద్దుకోను?"

పది నిమిషాలు ఒట్టి పొడిగా వాయించాడు. ఒక్కో తప్పూ గులకరాయిలా చెవిలో పడింది. కడ్డీ వెనక వున్న వేళ్ళని తీగల మీద ఇంకాస్త ఆనించాడు. దరువు కొంచెం నెమ్మది చేయమని తబలా ఆయన్ని అడిగాడు. స్వరాలు కుదిరాకే నన్ను పిలిచాడు. "ఇప్పుడు పెట్టు. మూడు దగ్గర ఆపు."

మిక్సర్‌లోది పూర్తిగా తీయించి, నా పెడల్ మాత్రం పదిలో మూడు దగ్గర పెట్టాం. రివర్బ్‌లో బొంగురు రాకుండా బేస్ తగ్గించాం. ఇక హాలు సంగతంటారా, జనం వచ్చి కూర్చుంటే అదే సర్దుకుంటుంది. మనుషులూ, బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి కదా!

ఆ రాత్రి మావయ్య వాయించాడు. అద్భుతం అని అబద్ధం చెప్పను. రెండో చరణంలో ఒక స్వరం కాస్త కిందగా పడింది. పడిన మరుక్షణం ఆయన విన్నాడు, కడ్డీని మెల్లగా పైకి జరిపి దాని చోటికి చేర్చాడు. నా పక్కన కూర్చున్నాయన "ఆహా, ఏం గమకం!" అన్నాడు. నేను నోరెత్తలేదు.

గిటారు చేతబట్టిన కుర్రకారుకి ఒక్క మాట. ఎకో పెట్టుకోండి, తప్పులేదు. అయితే ముందు పొడిగా వాయించి, మీ స్వరం మీరు వినండి. మావయ్య గిటారు మళ్ళీ మంచం కిందికి వెళ్ళలేదు. రోజూ సాయంత్రం అరగంట సాధన... మొదటి పావుగంట ఎకో లేకుండానే!