బోర్డు అంచున నిలబడ్డ పిన్నులు

రాస్ప్‌బెర్రీ పై గురించి చెప్పేటప్పుడు అందరూ ధర దగ్గరే మొదలుపెడతారు. 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన ఆ బోర్డు 35 డాలర్లకే దొరికిన మాట నిజమే. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సు చదవడానికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారనీ, వచ్చినవాళ్లకూ ప్రోగ్రాములు రాసే అలవాటు లేదనీ గమనించిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు దాన్ని పిల్లల కోసం తలపెట్టారు. తీరా వచ్చాక పాటల పిచ్చి ఉన్నవాళ్లూ, పెరట్లో వాన కొలిచేవాళ్లూ కూడా దాన్ని అందుకున్నారు. చౌక కాబట్టే ఇలా జరిగిందంటే ఒప్పుకోలేం. వాడి వదిలేసిన కంప్యూటర్లు, ఫోన్లు అంతకన్నా చౌకగా ఎప్పుడూ దొరుకుతూనే ఉన్నాయి. వాటికి ఒక వానమాపకాన్ని కలపాలంటే తీగ పెట్టే చోటే కనబడదు. రాస్ప్‌బెర్రీ పై తలరాతను నిర్ణయించినవి బోర్డు అంచున మూత లేకుండా నిలబెట్టిన పిన్నులు.

ఆ పిన్నుల మీద నడిచే పద్ధతులేమీ కొత్తవి కావు. రెండు తీగల మీద చిప్పులు మాట్లాడుకునే ఐ2సీని ఫిలిప్స్ సంస్థ 1982లో, డిజిటల్ ధ్వనిని చిప్పు నుంచి చిప్పుకు మోసే ఐ2ఎస్‌ను 1986లో రూపొందించింది. రెండూ పెట్టె లోపలి వ్యవహారాలే. రాస్ప్‌బెర్రీ పై వాటిని బయటపెట్టింది, అదీ ఒక్కసారిగా కాదు. తొలి బోర్డులోని హెడ్‌ఫోన్ జాక్‌కు అంకెలను ధ్వనిగా మార్చే అసలైన డాక్ చిప్పు లేదు. పల్సుల వెడల్పు మారుస్తూ శబ్దం పుట్టించేది, అందుకే పాట వెనక సన్నని బుస వినిపించేది. ఐ2ఎస్ అప్పటి 26 పిన్నుల్లో లేదు. సవరించిన బోర్డులో వరుస పక్కన ఖాళీ రంధ్రాలుగా వచ్చింది. మంచి ధ్వని కావాలనుకున్నవాళ్లు ఆ రంధ్రాలకు తామే సోల్డరింగ్ చేసి డాక్ బోర్డులు తగిలించుకున్నారు. 2014 జులైలో వచ్చిన బీ ప్లస్ మోడల్‌లో పిన్నులు 40 అయ్యాయి, ఐ2ఎస్ వాటిలో చేరింది. ఇక డాక్ బోర్డును పైన పెట్టి నొక్కితే చాలు.

వానమాపకానికి ఈ పద్ధతులేవీ అక్కర్లేదు, ఒక్క మామూలు పిన్ చాలు. గరాటు కింద రెండు చిన్న గిన్నెలు తక్కెడలా ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక అయస్కాంతం రీడ్ స్విచ్ ముందు నుంచి పోతుంది, పిన్ మీద ఒక క్లిక్. హాబీ కిట్లలో తరచుగా కనిపించే మాపకంలో ఒక్కో క్లిక్ 0.2794 మిల్లీమీటర్ల వాన. వందసార్లు ఒరిగితే దాదాపు 28 మిల్లీమీటర్లు.

ఇంటి కొలతలను నమ్మవచ్చా అన్న అభ్యంతరం బలమైనదే. ఉష్ణోగ్రత సెన్సరును బోర్డు పక్కనే పెడితే అది ప్రాసెసర్ వేడినే కొలుస్తుంది. అందుకే దాన్ని తీగతో దూరంగా, గాలి ఆడే తెల్లటి గూడులో, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున పెట్టాలి. ఇది పద్ధతి నేర్చుకుంటే తీరే లోపం. నార్వే వాతావరణ సంస్థ 2018 నుంచి ఇళ్లలోని నెటాట్మో వాతావరణ యంత్రాల ఉష్ణోగ్రతలను, తప్పుడు రీడింగులు ఏరేసి, తన అంచనాలు సరిదిద్దుకోవడానికి వాడుతోంది. అవి రాస్ప్‌బెర్రీ పై బోర్డులు కావు. అయినా ఇంటి కొలతలు దేనికీ కొరగావన్న మాటకు అదే జవాబు. మరో అభ్యంతరం: ఒక సెన్సరు చదవడానికి పూర్తి కంప్యూటరెందుకు, చిన్న మైక్రోకంట్రోలర్ చాలదా? చాలు. కరెంటు హఠాత్తుగా పోతే పైలోలా ఎస్‌డీ కార్డు పాడయ్యే బెడద కూడా దానికి లేదు. ఈ అభ్యంతరం పిన్నుల వాదాన్ని బలపరుస్తుందే తప్ప తగ్గించదు.

ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై తయారీదారులు కూడా చివరికి ఆ దారే పట్టారు. 2021 జనవరిలో 4 డాలర్లకు వచ్చిన పికో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో తెర పోర్టు లేదు, ఎస్‌డీ కార్డు లేదు, లైనక్స్ నడవదు. పిన్నులు మాత్రం 40 ఉన్నాయి. పైలో ఎన్నడూ లేని అనలాగ్ ఇన్‌పుట్లు అందులో మూడు వచ్చాయి. గాలి దిక్కు చూపే వేన్ ఒక్కో దిక్కుకు ఒక్కో రెసిస్టెన్స్ ఇస్తుంది. సింథసైజర్ మీద తిప్పే నాబ్ కూడా మారే రెసిస్టెన్సే. రాస్ప్‌బెర్రీ పైకి వీటిలో దేన్ని కలపాలన్నా సాధారణంగా మధ్యలో ఇంకో చిప్పు కావాలి. పికోలో ఆ చిప్పు అక్కర్లేదు, అనలాగ్ పిన్నులే చదువుతాయి.