నీళ్ళలో మునిగిన బండి

గోదావరికి వరద వస్తోందని కబురు వస్తుంది. లంక ఊళ్ళలో జనం ముందు పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలతారు. బియ్యం, బట్టలు అటక మీదికి ఎక్కిస్తారు. మోటారు సైకిలు సంగతి ఆఖరున గుర్తొస్తుంది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. 1986లో లంక ఊళ్ళలో మోటారు సైకిళ్ళు ఎన్నో ఉండేవి కావు. 2022లో ఏ వీధి చూసినా బళ్ళే. వీలైనవాళ్ళు గట్టు మీదికి చేర్చారు. మిగతావి మునిగాయి.

వరద తీసాక మునిగిన బళ్ళను కడుగుతారు. కొందరు బాగు చేయించుకుంటారు. కొందరు అమ్మేస్తారు. "ఈ బండి మూడు రోజులు నీళ్ళలో ఉంది" అని చెప్పి అమ్మేవాళ్ళు ఎంతమంది?

ఒక లంక ఊళ్ళో ఒక ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలు అరటి తోట కౌలుకు చేస్తున్నారు. గెలలు రావులపాలెం మార్కెట్టుకు వెయ్యాలి. ఆటో కిరాయికే సగం లాభం పోతోంది. ఆమె డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుంది. ఆయన 28,000 రూపాయలు పెట్టి పాత బండి కొనుక్కొచ్చాడు. నల్ల రంగు తళతళలాడుతోంది. సీటు కవరు కొత్తది. ఊళ్ళో అందరూ బాగుందన్నారు.

పదో రోజున బండి గెలలతో సహా గట్టు మీద ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా కదల్లేదు. ఇద్దరూ షెడ్డు దాకా తోసుకెళ్ళారు.

మెకానిక్కు కుర్రాడు ఇంజను అడుగున ఉన్న బోల్టు విప్పాడు. ఆయిలు కిందికి కారింది. ఇంజను ఆయిలు కొత్తదైతే తేనె రంగులో ఉంటుంది. వాడగా వాడగా నల్లబడుతుంది. ఇది మాత్రం పాలు ఎక్కువైన టీ లాగా ఉంది.

"అక్కా, ఇది వరద బండిలా ఉందండి" అన్నాడు.

"అదెలా తెలిసింది తమ్ముడూ?"

"ఆయిల్లో నీళ్ళు కలిస్తేనే ఇలా తెల్లగా అవుద్ది. ఇటు చూడండి."

పక్క మూత తీశాడు. లోపలి మూలల్లో ఎండిపోయిన ఒండ్రు ఉంది. సీటు కింద వైర్లు కలిసే చోట రాగి మీద పచ్చగా చిలుము పట్టింది. ముందు లైటు అద్దం లోపల మట్టి చార ఉంది. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో ఆ చారే చెబుతోంది. గోదావరి ఒండ్రు పొలానికి బలం. బండికి చేటు.

ఇవన్నీ కొనే ముందు చూడగలిగినవే. పక్క మూత తియ్యడానికి ఒక్క నిమిషం చాలు. అయినా రంగు చూసి డబ్బు ఇచ్చేశాం అని ఆయన తల పట్టుకున్నాడు. ఆమె నోరు మెదపలేదు. నెల నెలా గ్రూపులో వాయిదా కట్టాల్సింది ఆమె మరి.

నీళ్ళు ఇంజనుకు ఎందుకు చెడ్డ? సైకిలు పంపు తీసుకోండి. కొస వేలితో మూసి నొక్కండి. లోపలి గాలి కొంచెం అణుగుతుంది. అదే పంపు నిండా నీళ్ళు పోసి, కొస మూసి నొక్కండి. కదలదు. నీళ్ళు గాలిలా అణగవు. ఇంజను లోపల కూడా పంపులో లాంటి పిస్టన్ ఉంటుంది. అది గాలినీ పెట్రోలు ఆవిరినీ అణిచి మండిస్తుంది. గాలి ఉండాల్సిన చోట నీళ్ళుంటే పిస్టన్‌ను తోసే కడ్డీ వంగిపోవచ్చు. అందుకే మీ సొంత బండి మునిగినా, వరద తియ్యగానే కిక్కు కొట్టకండి. స్టార్టరు బటను అసలు నొక్కకండి. ముందు ప్లగ్గు విప్పించాలి. నీళ్ళు బయటికి తీయించాలి. ఆయిలు మార్పించాలి. తరవాతే స్టార్టు చెయ్యాలి. ఒక్క కిక్కుతో పోయేది వేల రూపాయలు.

వీళ్ళ బండికి అదృష్టం కొద్దీ కడ్డీ వంగలేదు. కుర్రాడు కొత్త ఆయిలు పోశాడు. ఇంజను కాసేపు తిప్పి, ఆ ఆయిలు తీసేశాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ తీశాడు. తెలుపు పోయేదాకా అలా చేశాడు. ఆయిలు ఖర్చు చూసి వెనకాడితే లోపలి బేరింగులు తుప్పు పడతాయి.

తరవాత పెట్రోలు ట్యాంకు విప్పాడు. పెట్రోలు నీళ్ళ కన్నా తేలిక. అది పైన తేలుతుంది. నీళ్ళు అడుగుకు చేరతాయి. ఇంజనుకు పెట్రోలు వెళ్ళే గొట్టం కూడా అడుగునే ఉంటుంది. గట్టు మీద బండి ఆగింది అందుకే. పెట్రోలుకు బదులు నీళ్ళు వెళ్ళాయి. ట్యాంకు లోపల తుప్పు కూడా ఉంది. చిన్న గొలుసు ముక్క లోపల వేసి, బాగా గిలకొట్టి, తుప్పు రాల్చాడు. కడిగి ఎండబెట్టాడు. తీసిన పెట్రోలును ఇంటికి తీసుకెళ్ళి పొయ్యి ఉన్న గదిలో పెట్టకూడదు. దాని ఆవిరి కంటికి కనబడదు. నిప్పును మాత్రం వెతుక్కుంటుంది.

కార్బురేటరు విప్పి కడిగారు. అది గాలినీ పెట్రోలునూ కలిపే భాగం. 2020 నుంచి వచ్చిన బళ్ళలో చాలావాటికి అది లేదు. దాని బదులు కరెంటుతో పనిచేసే ఏర్పాటు ఉంటుంది. అది తడిసి పాడైతే ఖర్చు ఎక్కువ. అలాంటి బండి మునిగిందని తెలిస్తే బేరం దగ్గరే ఆగి ఆలోచించాలి.

ఇక డబ్బు తక్కువ. చెయ్యాల్సిన పని ఎక్కువ. ఆయన ముందు చప్పుడు తగ్గించే కొత్త పొగగొట్టం వేయిద్దాం అన్నాడు. "ముందు బ్రేకులండి. ఆగని బండి ఎంత బాగా నడిస్తే అంత భయం" అంది ఆమె. ఆమె మాటే సబబు. బ్రేకు డ్రమ్ముల్లో ఒండ్రు ఉంది. బ్రేకు షూలు మార్చారు. చక్రాల బేరింగులు మార్చారు. హ్యాండిల్ తిరిగే చోట గ్రీజు పెట్టారు. చిలుము పట్టిన వైర్లు కోసి కొత్తవి కలిపారు. చెయిను ఇంకో ఆరు నెలలు ఆగుతుందన్నాడు కుర్రాడు. ఆపారు. పొగగొట్టం తుప్పుతోనే ఉంది. ఉండనీ.

స్టార్టు చేశాక పొగ చూశారు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు కాలుతోందని అర్థం. అంటే బోరు పని ఉంటుంది. ఖర్చు పెద్దది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ వెళుతోంది. దాన్ని సరిచెయ్యడం తేలిక. చలి పొద్దున కొంచెం తెల్ల ఆవిరి వస్తే ఫరవాలేదు. ఈ బండికి మొదట నీలం కనబడింది. కాసేపటికి తగ్గింది. రెండు వారాలు చూడండి అన్నాడు కుర్రాడు.

ఇంజను సంగతి అలా తేలింది. కాగితాల సంగతి తేలలేదు.

ఆ రాత్రి ఆమె ఆర్‌సి కార్డు తీసింది. అక్షరాలు ఇంగ్లీషువి. ఆమెకు తెలుగే కొత్త. కానీ అంకెలు వచ్చు. ఛాసిస్ నంబరు బండి మెడ దగ్గర ఇనుము మీద చెక్కి ఉంటుంది. ఇంజను నంబరు ఇంజను అడుగు భాగాన ఉంటుంది. ఆయన టార్చి పట్టుకున్నాడు. ఆమె మట్టి గీకి, కార్డు పక్కన పెట్టి ఒక్కొక్క గుర్తే పోల్చింది. రాని అక్షరాల ఆకారం చూసి పోల్చింది. రెండూ కలిశాయి. కలవకపోతే అది దొంగ బండి కావచ్చు. అప్పుడు పోలీసు స్టేషను తిరగాలి.

కార్డులో ఇంకో పేరు ఉంది. హైస్కూలు చదివే కూతురు చదివింది. అది ఒక ఫైనాన్సు కంపెనీ పేరు. అంటే మొదటి ఓనరు బండిని అప్పు మీద కొన్నాడు. ఆ అప్పు తీరకపోతే కంపెనీవాళ్ళు వచ్చి బండి పట్టుకుపోవచ్చు. అప్పు తీరిందని కంపెనీ కాగితం ఇవ్వాలి. ఫారం 35 మీద సంతకం పెట్టాలి. అప్పుడే కార్డు మీద ఆ పేరు తీస్తారు. మర్నాడు ఇద్దరూ అమ్మినవాడి దగ్గరికి వెళ్ళారు. మునిగిన సంగతికి అతను ఒప్పుకోలేదు. కాగితం తెచ్చిస్తానన్నాడు. నాలుగు సార్లు తిరిగాక తెచ్చాడు.

పేరు మార్చుకోవడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. వాటి మీద అమ్మినవాడి సంతకాలూ ఉండాలి. కాబట్టి పూర్తి డబ్బు ఇచ్చే ముందే అవి తీసుకోవడం మేలు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో తెలపాలి. ఇన్సూరెన్సు కూడా కొత్త పేరుకు మార్చమని కంపెనీని 14 రోజుల్లో అడగాలి. ఇన్సూరెన్సు లేని బండి రోడ్డెక్కడమే నేరం.

ఎవరి పేరు మీద రాయించాలి? నడిపేది నేను కదా అన్నాడు ఆయన. నడపడానికి లైసెన్సు కావాలి. బండి పేరు మీద ఉండడానికి లైసెన్సు అక్కర్లేదు. అప్పు ఆమెది. బండి కూడా ఆమె పేరు మీదే రాయించారు. అమలాపురం రవాణా ఆఫీసు పనికి ఒక రోజు కూలి పోయింది.

అక్కడే ఆమె ఒక మాట విన్నది. బండి గుద్ది ఎవరికైనా దెబ్బ తగిలితే, నష్టపరిహారానికి రికార్డులో పేరున్న ఓనరే బాధ్యుడు. ఎప్పుడో అమ్మేశాను అంటే సరిపోదు. 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే చెప్పింది.

ఆమె గుండె గుభేలుమంది. నాలుగేళ్ళ కిందట వాళ్ళు ఒక పాత మోపెడ్ అమ్మారు. ఏ ఫారమూ రాయలేదు. అది ఇంకా ఆయన పేరు మీదే ఉంది. కొన్నతను గోదావరి అవతలి ఒడ్డున ఉంటున్నాడు. ఆదివారం ఈ బండి మీదే అక్కడికి వెళ్ళాలి అనుకున్నారు.