రిజిస్ట్రీని శుభ్రం చేయాలా, చిన్నా?

చిన్నా, "మీ రిజిస్ట్రీలో వందల లోపాలు దొరికాయి, ఇప్పుడే సరిచేయండి" అని ఎర్ర అక్షరాలతో వచ్చిందని నువ్వు పంపిన ఫొటో చూశాను. బటన్ నొక్కేముందు ఆగి అడిగావు చూడు, అది మంచి పని. ఏ రిజిస్ట్రీ క్లీనర్ మంచిది, వాడితే ఏమన్నా ప్రమాదమా అని కదా నీ ప్రశ్న. నా మాట ముందే చెప్పేస్తాను: నీ లాప్‌టాప్‌కి అది అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో తెలిస్తే రేపు ఇంకెవరు భయపెట్టినా నువ్వు బెదరవు. కాస్త ఓపిగ్గా విను.

విండోస్ తొలిరోజుల్లో ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగులను చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లలో రాసుకునేది. వాటి పేర్ల చివర ఐఎన్ఐ అని ఉండేది. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఆ ఫైళ్లు కంప్యూటరంతా చెల్లాచెదురయ్యాయి. ఉమ్మడి ఫైళ్లలోనేమో ఒకరి రాతలను ఇంకొకరు చెరిపేయడం మొదలైంది. ఈ గందరగోళాన్ని ఒకచోటికి తేవడానికి పుట్టిందే రిజిస్ట్రీ. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైంది. ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రాము తెరవాలి లాంటి వివరాలే అప్పుడు అందులో ఉండేవి. 1993లో విండోస్ ఎన్‌టీ, 1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చాక వ్యవహారమంతా అందులోకే చేరింది.

ఇప్పుడు నీ లాప్‌టాప్‌లో అది నాలుగైదు ఫైళ్లుగా ఉంటుంది. విండోస్ ఫోల్డర్లో సిస్టమ్32, అందులో కాన్ఫిగ్, ఆ కాన్ఫిగ్‌లో సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సెక్యూరిటీ వగైరా పేర్లతో. వీటిని హైవ్‌లు అంటారు. నీ సొంత ఇష్టాయిష్టాలు మాత్రం నీ ఖాతా ఫోల్డర్లో వేరే ఫైలులో ఉంటాయి. వాల్‌పేపర్ ఏది, పీడీఎఫ్ మీద నొక్కితే ఏది తెరుచుకోవాలి, ప్రింటర్ ఏది, కంప్యూటర్ లేవగానే ఏయే ప్రోగ్రాములు లేవాలి, అన్నీ అక్కడే. నువ్వు నాకు తెలుగులో మెసేజ్ కొడతావే, ఆ కీబోర్డు సంగతి కూడా రిజిస్ట్రీలోనే ఉంది. కీబోర్డ్ లేఅవుట్స్ అనే చోట 0000044ఏ అనే పేరుతో ఒక కీ, అంటే రిజిస్ట్రీలోని ఒక అర, ఉంటుంది, అది మన తెలుగుది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన కాలం నుంచీ తెలుగుకు అక్కడ చోటు ఉంది. చూడగానే అర్థం కాని పేరు కదా! కానీ అది పోతే తెలుగు టైపింగ్ పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇక నిజంగా మిగిలిపోయే చెత్త ఉందా అంటే, ఉంది. ఒక ఆటనో, ప్రింటర్ ప్రోగ్రామునో తీసేసినప్పుడు తన రాతలన్నీ తుడుచుకుని వెళ్లేవి తక్కువ. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాము పేరు, లేని ఫైలుకు చూపించే దారి, అలాంటివి మిగిలిపోతాయి. క్లీనర్లు "లోపాలు" అని లెక్కపెట్టి చూపేవి చాలావరకు ఇవే. వాటివల్ల కంప్యూటర్ నెమ్మదిస్తుందన్నదే అసలు తప్పు.

మనింట్లో శబ్దరత్నాకరం నిఘంటువు ఉంది కదా. అందులో నువ్వు జన్మలో వాడని మాటలు వేలు ఉన్నాయి. అవి ఉన్నాయని "కలువ" వెతకడానికి నీకు ఎక్కువసేపు పడుతుందా? క దగ్గరికి వెళ్తావు, కల దగ్గరికి వెళ్తావు, దొరుకుతుంది. రిజిస్ట్రీ కూడా అంతే. పేర్లు వరుసలో ఉంటాయి, ప్రోగ్రాము తనకు కావలసిన కీకి దారి తెలిసి నేరుగా వెళ్తుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎవరూ చదవరు. పోనీ జాగా ఆక్రమిస్తుందా అంటే, లెక్క వేద్దాం. మిగిలిపోయిన రాత ఒక్కోటి 200 బైట్లు అనుకో. అలాంటివి వెయ్యి ఉంటే రెండు లక్షల బైట్లు. నువ్వు ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంతకు పది రెట్లు ఉంటుంది! సాఫ్ట్‌వేర్ హైవ్ ఒక్కటే పదుల మెగాబైట్లు ఉంటుంది కాబట్టి ఈ వెయ్యి రాతలూ తీసేసినా నీకు తేడా తెలియదు. ఆ ఫైలు కూడా వెంటనే చిన్నదవదు, లోపల ఖాళీ గళ్లు మిగులుతాయంతే.

ఇప్పుడు ప్రమాదం ఎక్కడుందో చూడు. ఈ రాత అనవసరమని క్లీనరుకు ఎలా తెలుస్తుంది? ఊహిస్తుంది. రిజిస్ట్రీలో ఒక ఫైలు పేరు కనిపిస్తే, ఆ ఫైలు డిస్కులో ఉందా అని చూస్తుంది. లేకపోతే చెత్త అంటుంది. ఆ ఫైలు నువ్వు ఇప్పుడు పెట్టని పెన్‌డ్రైవ్‌లో ఉంటే? ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే? ఇంకో చిక్కు కూడా ఉంది, నాకైతే ఇది చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. 64 బిట్ల విండోస్‌లో 32 బిట్ల ప్రోగ్రాము సిస్టమ్32 ఫోల్డర్ని చూపించమంటే, విండోస్ దాన్ని చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64 అనే వేరే ఫోల్డర్‌కి తీసుకెళ్తుంది. పాత ప్రోగ్రాములు ఇబ్బంది పడకుండా చేసిన ఏర్పాటది. రిజిస్ట్రీలో కూడా వాటికి వావ్6432నోడ్ అని వేరే చోటు ఉంటుంది. ఈ సంగతి సరిగ్గా పట్టించుకోకుండా రాసిన 32 బిట్ల క్లీనర్ ఒక ఫైలు కోసం వెతికితే, నిక్షేపంలా ఉన్న ఫైలు కూడా లేనట్టే కనిపిస్తుంది. దాంతో దాని రాత కొట్టేయమంటుంది. శబ్దరత్నాకరంలో తనకు అర్థం తెలియని మాటలన్నీ తప్పులే అనుకుని పేజీలు చింపేవాడి పని ఇది. ఆ 0000044ఏ కూడా, తెలియనివాడి కంటికి, అర్థం లేని రాతే కదా.

పాత సాఫ్ట్‌వేర్లతో నెట్టుకొచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసేవాళ్లున్నారు. అంత పాత ప్రోగ్రాముల్లో చాలావాటి లైసెన్సు వివరాలూ సెట్టింగులూ రిజిస్ట్రీలోనే ఉంటాయి. అవి చెరిగితే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. సీడీ ఎక్కడుందో, సీరియల్ నంబర్ ఎక్కడుందో! బతుకుతెరువు ఆగిపోతుంది. అలాంటి కంప్యూటర్లో రిజిస్ట్రీ జోలికి పోవద్దని నేను ఖచ్చితంగా చెబుతాను.

విండోస్ తయారుచేసిన మైక్రోసాఫ్ట్ ఏమంటుందో తెలుసా? 1990లలో వాళ్లే రెగ్‌క్లీన్ అనే పనిముట్టు ఇచ్చారు, తర్వాత దాన్ని ఉపసంహరించుకున్నారు. ఇప్పుడైతే, రిజిస్ట్రీ క్లీనర్ల వాడకానికి తమ మద్దతు లేదని, వాటివల్ల వచ్చే చిక్కులకు తాము బాధ్యులం కాదని, కొన్నిసార్లు విండోస్‌నే మళ్లీ వేసుకోవాల్సి రావచ్చని రాసిపెట్టారు.

మరి ఇన్ని క్లీనర్లు ఎలా అమ్ముడుపోతున్నాయంటే, భయం వల్ల. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఒక కేసు వేశారు. రిజిస్ట్రీ పాడైపోయిందని జనం కంప్యూటర్లకు దొంగ హెచ్చరికలు పంపి, "రిజిస్ట్రీ క్లీనర్ ఎక్స్‌పీ" అనే ప్రోగ్రామును సుమారు 40 డాలర్లకు అంటగడుతున్నారన్నది ఆరోపణ. ఇంకొకటి 2019 నాటిది. ఆఫీస్ డిపో అనే పెద్ద దుకాణాల సంస్థ తన కస్టమర్ల కంప్యూటర్లకు "పీసీ హెల్త్ చెక్" అని పరీక్ష చేసేది. ఆ ప్రోగ్రామును సపోర్ట్ డాట్ కామ్ అనే కంపెనీ సమకూర్చింది. పరీక్షకు ముందు నాలుగు ప్రశ్నలు ఉండేవి, కంప్యూటర్ నెమ్మదించిందా లాంటివి. వాటిలో ఒక్కదానికి అవునని గుర్తు పెట్టినా చాలు, లోపల నిజంగా ఏమున్నా లేకపోయినా, మాల్వేర్ లక్షణాలు కనిపించాయని ఫలితం వచ్చేదట. ఆ తర్వాత మరమ్మతుల పేరుతో వందల డాలర్ల ఖర్చు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే రెండు కంపెనీలూ కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. పరీక్ష పేరుతో జరిగింది పరీక్షే కాదన్నమాట. నీ తెర మీది ఎర్ర అక్షరాలను కూడా ఆ అనుమానంతోనే చూడు. ఉచితంగా వెతికి, భయపెట్టి, సరిచేయాలంటే డబ్బు కట్టమనే ప్రోగ్రాములను విండోస్ డిఫెండరే తీసేస్తుందని మైక్రోసాఫ్ట్ 2018 మార్చి నుంచి నియమం పెట్టింది.

పేరున్న ప్రోగ్రామైతే ఫరవాలేదు కదా అంటావేమో. సీక్లీనర్ ఎంతో పేరున్నది, కోట్లమంది వాడారు. 2017లో దాన్ని తయారుచేసే చోటికే దొంగలు చేరారు. ఆగస్టు 15న విడుదలైన 5.33 వెర్షన్లో, 32 బిట్ల దానిలో, దొంగ కోడ్ కలిపేశారు. సెప్టెంబర్ 18న సంగతి బయటపడేసరికి సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. దానికి తయారీదారు డిజిటల్ సంతకం కూడా సక్రమంగానే ఉంది. అసలు చోటు నుంచే తెచ్చుకున్నవాళ్లు, సంతకం చూసుకున్నవాళ్లు కూడా మోసపోయారు. దొంగల అసలు గురి పెద్ద టెక్నాలజీ కంపెనీల కంప్యూటర్ల మీద ఉందని తర్వాత తేలింది. ఆ ప్రోగ్రామును తిట్టడానికి చెప్పడం లేదు చిన్నా, వాళ్లు తర్వాత సరిదిద్దుకున్నారు. కంప్యూటర్లో అన్నిటినీ తాకే అధికారం ఇచ్చి ఒక ప్రోగ్రామును లోపల పెట్టుకోవడమంటే ఏమిటో నీకు తెలియాలని చెబుతున్నాను. పెద్దగా లాభం లేని పనికి అంత అధికారం ఎందుకివ్వాలి?

నీ లాప్‌టాప్ నెమ్మదించిన మాట మాత్రం నిజమే. దానికి మందు వేరే చోట ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ అనే చోట చూస్తే, పొద్దున్నే నీకు తెలియకుండా లేచే ప్రోగ్రాముల వరుస కనిపిస్తుంది. అక్కర్లేనివి డిసేబుల్ చెయ్యి. తర్వాత డిస్క్ వాడకం ఎంత శాతం ఉందో చూడు. ఎప్పుడూ నూటికి దగ్గరగా ఉంటే, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాన్ని మార్చి ఎస్ఎస్‌డీ పెట్టిస్తే కొత్త ప్రాణం వస్తుంది. హార్డ్ డిస్కులో ఒక ముక్క వెతకడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడితే ఎస్ఎస్‌డీకి అందులో నూరో వంతు చాలు. ఇంకొకటి, మన ఎండాకాలం. ఫ్యాన్లో దుమ్ము నిండి వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నువ్వు పరుపు మీద పెట్టుకుని సినిమాలు చూడటం మానేస్తే సగం బాధ తీరుతుంది. డిస్కులో జాగా కావాలంటే సెట్టింగ్స్‌లో స్టోరేజ్ దగ్గర టెంపరరీ ఫైళ్లు తీసేయొచ్చు, దానితో రిజిస్ట్రీకి సంబంధం లేదు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకప్పుడు రిజిస్ట్రీలో చెయ్యి పెట్టాల్సిరావచ్చు. తీసేసిన ప్రోగ్రాము మళ్లీ ఇన్‌స్టాల్ కాకుండా మొండికేస్తే, అలాంటి పాడైన కీలను సరిచేసే ట్రబుల్‌షూటర్ మైక్రోసాఫ్టే ఇచ్చింది, ముందు దాన్ని వాడు. అయినా క్లీనరే కావాలంటే, కనిపించిన ప్రతి కీ పూర్తి దారితో చూపించేది, చెరిపేముందు తానే బ్యాకప్ తీసేది, ఒక్కొక్కటి విడిగా ఎంచుకోనిచ్చేది మాత్రమే తీసుకో. ఒక్క నొక్కుతో అన్నీ సరిచేస్తాననేది, నెలకోసారి తనంతట తానే తుడుస్తాననేది వద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పక్కన ఇంకేదో తగిలిస్తుంటే ఆ టిక్కు తీసెయ్యి. చూపించినవాటిలో నీకు బాగా తెలిసిన, నువ్వే తీసేసిన ప్రోగ్రాము రాతలే కొట్టు, అవి కూడా రెండో మూడో, తర్వాత కొన్నాళ్లు ఆగి చూడు.

అంతకుముందే రిస్టోర్ పాయింట్, అంటే తేడా వస్తే విండోస్‌ను వెనక్కి తెచ్చుకునే గుర్తు, పెట్టు. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో కళ్లారా చూసుకో, చాలా లాప్‌టాపుల్లో ఆఫ్‌లోనే ఉంటుంది. పాత విండోస్ తనంతట తాను రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్లో నకలు దాచేది, విండోస్ 10 1803 వెర్షన్ నుంచి ఆ పని మానేసింది, దాన్ని నమ్ముకోకు. విండోస్‌లోని రిజిస్ట్రీ ఎడిటర్, అంటే రెజ్‌ఎడిట్‌తో నువ్వే మార్చేటట్టయితే, మార్చబోయే కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకో. అందులో అన్‌డూ లేదు, సేవ్ అని అడగడం కూడా ఉండదు, మార్చిన క్షణమే మారిపోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చెరిపినవి తిరిగొస్తాయి. కొత్తగా చేర్చినవి మాత్రం పోవు, అవి చేత్తో తీయాలి.

విండోస్ అసలు లేవకపోతే రికవరీ తెరలోంచి సిస్టమ్ రిస్టోర్ చేయొచ్చు. కానీ నీ డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే అక్కడ 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. అది సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఈ రాత్రే తెరిచి కాగితం మీద రాసుకో, సరిగ్గా ఎక్కిందో లేదో నాన్న చేత ఒకసారి చదివించు, ఆ కాగితం లాప్‌టాప్ సంచిలో కాకుండా వేరే చోట పెట్టు.